రేపు చివరి అయిదు భాగాలు

2020 జులై 2, గురువారం. హైదరాబాద్.

రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకి స్పానిష్ సీరియల్ కేబుల్ గర్ల్స్ చివరి అయిదు భాగాలు నెట్‌ఫ్లిక్స్‌లోకి వస్తాయి. అయిదో సీజన్‌ని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్క ఫిబ్రవరి 14న ఇచ్చారు. అప్పటికి కరోనా అంటే ఎక్కడో చైనా సంగతి. ఇప్పుడు మళ్ళీ లాక్‌డౌన్ పెడతారేమోనని ఊరంతా ఒకటే చర్చ. ఈ మధ్యలో ఎన్ని మారినా ఆ కథలోని లిదియా ఏమవుతుందన్న ఆదుర్దా మాత్రం నాకు అలాగే ఉంది.

పొద్దున్నుంచి వాన వచ్చీ పోతూ ఉంది. జూన్ క్వార్టర్ లెక్కలు ముగించాలి, ఆఫీసు నుంచి కాల్ మీద కాల్. నిన్న తొలి ఏకాదశికి చేసిన పేలపిండి ఇంకా కాస్త మిగిలితే కాఫీతో పాటు తిన్నాను. పదకొండు దాటాక అత్త ఫోన్.

"ఏమే, ఇంతకీ ఫ్రాన్సిస్కోనా, కార్లోసా?"

పలకరింపు కూడా లేదు, సూటిగా ఇదే. అత్త రాజమండ్రిలో ఒక్కతే ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో దూరపు ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంక్ బోర్డు ఆపరేటర్‌గా చేరి, అదే డిపార్ట్‌మెంట్‌లో రిటైరైంది. లాక్‌డౌన్ మొదట్లో ఆమెకి తోచక, నేను ఈ సీరియల్ చూడమన్నాను. ఇంగ్లీషు డబ్బింగ్ పెట్టుకుని మొదటి భాగం చూసిన రాత్రే ఫోన్ చేసి, "ఆ పిల్లలు ప్లగ్గులు గుచ్చుతుంటే నా చేతులు వాటంతట అవే ఆడాయే" అంది. ఆ తర్వాత సీజన్ల మీద సీజన్లు నాకంటే వేగంగా చూసేసింది.

ఎవరైనా దీన్ని ఇంకా చూడకపోతే కథ ఇది. 1928, మాడ్రిడ్. దేశమంతటినీ ఫోన్ తీగలతో కలుపుతున్న కంపెనీలో ఆపరేటర్లుగా పనిచేసే నలుగురు అమ్మాయిలు: లిదియా, కార్లోతా, ఆంహెలెస్, మార్గా. వాళ్ళలో లిదియా అసలు పేరు ఆల్బా. చిన్నప్పుడు ఫ్రాన్సిస్కోతో కలిసి మాడ్రిడ్ వచ్చి, రైల్వే స్టేషన్‌లోనే అతన్ని పోగొట్టుకుంది. పదేళ్ళ తర్వాత ఒక పోలీసువాడి బెదిరింపుకి లొంగి, దొంగతనం చెయ్యడానికి మారుపేరుతో ఆ కంపెనీలో చేరితే, అక్కడ డైరెక్టర్ కుర్చీలో ఫ్రాన్సిస్కో ఉన్నాడు, యజమాని గారి అల్లుడిగా. ఆ యజమాని కొడుకు కార్లోస్. ఇక మొదలు. స్పెయిన్‌లో నెట్‌ఫ్లిక్స్ సొంతంగా తీయించిన మొదటి సీరియల్ ఇదే, 2017 ఏప్రిల్‌లో వచ్చింది.

ఈ ముగ్గురు నటుల గురించి అత్తకి చెప్తే ఆశ్చర్యపోయింది. లిదియాగా వేసిన బ్లాంకా స్వారెజ్, ఫ్రాన్సిస్కో వేసిన యోన్ గోన్సాలెజ్, కార్లోస్ వేసిన మార్తీన్యో రివాస్, ముగ్గురూ ఎల్ ఇంతెర్నాదో అనే బోర్డింగ్ స్కూల్ సీరియల్‌లో కుర్రవాళ్ళుగా కలిసి చేశారు. అక్కడి జనం ఈ ముగ్గురినీ పదమూడేళ్ళుగా చూస్తున్నారు. అందుకే ఈ త్రికోణం స్పెయిన్‌వాళ్ళకి మనకంటే దగ్గరగా తగిలి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

అత్త ఫ్రాన్సిస్కో పక్షం. ఆమె వాదన చాలా గట్టిది. "పదేళ్ళు విడిపోయాక దొరికినవాణ్ణి, కోమాలోంచి లేచినవాణ్ణి, ఆ పిల్లని వెంటబెట్టుకుని అమెరికా దాకా వెళ్ళినవాణ్ణి, చివర్లో విడదీస్తే రాసినవాళ్ళకి పుణ్యం ఉంటుందా?" బెంగళూరులో ఉన్న అత్త మనవరాలు మాత్రం కార్లోస్ పక్షం. కూతురు ఏవాకి తండ్రి అతనే కదా, రక్తసంబంధం కథని వెనక్కి లాగుతుందని దాని లెక్క. స్పెయిన్ అంతర్యుద్ధం మధ్యలోకి కార్లోస్‌ని మళ్ళీ తెచ్చి నిలబెట్టడం ఊరికే చేసిన పని కాదంటుంది. అది నిజమే. ఇంత పెద్ద పాత్రని చివరి సీజన్‌లో తెచ్చాక అతనికో పెద్ద పని అప్పజెప్పకుండా వదలరు. లిదియా కోసమో ఏవా కోసమో అతను ప్రాణం ఇస్తాడని నా అనుమానం. మొదటి సీజన్ నుంచీ కార్లోస్ ప్రేమలో పంతం ఉంది, అధికారం ఉంది. దాన్ని కడిగేసుకునే అవకాశం అతనికి ఇవ్వాలంటే త్యాగం కంటే దగ్గరి దారి లేదు.

తీసినవాళ్ళ పాత అలవాట్లు చూసి కూడా కొంత ఊహించొచ్చు. బాంబూ ప్రొడక్షన్స్ అనే ఈ సంస్థే అంతకుముందు గ్రాన్ హోటెల్, వెల్వెట్ తీసింది. గ్రాన్ హోటెల్‌లో ఇదే యోన్ గోన్సాలెజ్ హీరో, చివరికి ప్రేమించిన అమ్మాయితో కలిసి హోటల్ వదిలి వెళ్తాడు. వెల్వెట్‌లో విమానం కూలి చనిపోయాడనుకున్న అల్బెర్తో ఆఖరికి తిరిగొచ్చి అనాని కలుసుకుంటాడు. అంటే ముఖ్యమైన జంటని వీళ్ళు ఎన్ని కష్టాలు పెట్టినా చివరికి కలుపుతారు. కానీ పక్కనున్నవాళ్ళని కనికరించరు. వెల్వెట్ ఆఖరి సీజన్‌లోనే అందరికీ ఇష్టమైన రీతాని క్యాన్సర్‌తో చంపేశారు. ఇక్కడ నాలుగో సీజన్ చివర ఆంహెలెస్‌ని తీసేసుకున్నారు. మొగుడి దెబ్బలు తింటూ మొదలైన మనిషి, నలుగురిలోకీ ధైర్యస్థురాలైంది, స్నేహితురాళ్ళ కోసం చనిపోయింది. ఆ భాగం చూశాక అత్త రెండు రోజులు ఈ సీరియల్ మాటే ఎత్తలేదు.

పాత అలవాట్ల ప్రకారమైతే లిదియా, ఫ్రాన్సిస్కో ఓడెక్కి వెళ్ళిపోతారు. నేను దీన్ని నమ్మలేకపోతున్నాను. ఎందుకో పొద్దున ఫోన్‌లో అత్తకి సరిగా చెప్పలేకపోయాను, ఆఫీసు కాల్ అడ్డొచ్చింది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

గ్రాన్ హోటెల్ కథ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జరుగుతుంది, వెల్వెట్ కథ 1950ల చివర్లో మొదలవుతుంది. ఆ రెండిట్లోనూ చరిత్ర ఎక్కడో తలుపు బయట ఉంటుంది. కేబుల్ గర్ల్స్ అలా కాదు. ఇది సంవత్సరాలు చెప్పుకుంటూ నడిచింది. 1928లో రాజు అల్ఫోన్సో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌తో సముద్రం మీదుగా ఫోన్‌లో మాట్లాడిన కాలంలో మొదలైంది. 1931లో రాజరికం పోయి రిపబ్లిక్ వచ్చిన రోజుల్లోకి తెచ్చి, కార్లోతాని మాడ్రిడ్ మేయర్ పదవికి నిలబెట్టింది. అది కల్పన. నిజం మాడ్రిడ్‌కి మొదటి మహిళా మేయర్ 2011లో గానీ రాలేదు. కానీ ఆ కల్పన వెనక ఉన్న నిజం నాకు చాలా ఇష్టం. 1931 జూన్ ఎన్నికల్లో స్పెయిన్ ఆడవాళ్ళు పోటీ చెయ్యొచ్చు, ఓటు మాత్రం వెయ్యకూడదు. అలా తనకే ఓటు లేని ఎన్నికల్లో గెలిచి సభలోకి వెళ్ళిన క్లారా కాంపోఅమోర్, అక్కడ నిలబడి ఆడవాళ్ళ ఓటు కోసం వాదించింది. అక్టోబరు 1న ఆ ఓటు గెలిచింది. మరుసటి ఏడాది విడాకుల చట్టం వచ్చింది. ఆంహెలెస్ లాంటివాళ్ళకి ఆ చట్టం నాలుగేళ్ళు ముందొచ్చి ఉంటే ఆమె కథే వేరు.

ఇంత కచ్చితంగా తేదీలు పట్టుకుని వచ్చిన కథ, రేపటి భాగాల్లో 1939 ఏప్రిల్ 1ని తప్పించుకోలేదు. ఆ రోజే, రిపబ్లిక్ మీద తిరగబడి గెలిచిన జనరల్ ఫ్రాంకో యుద్ధం ముగిసిందని ప్రకటించాడు. నేను ట్రైలర్ కావాలనే చూడలేదు, అందులో ఏం చూపించారో తెలియదు. అయినా క్యాలెండర్ తెలుసు. రిపబ్లిక్ ఇచ్చిన హక్కులన్నీ ఒక్కొక్కటిగా రద్దయ్యాయి, విడాకులు రద్దయ్యాయి. ఇంకా యుద్ధం నడుస్తుండగానే, 1938లో, ఫ్రాంకో ప్రభుత్వం పనికి సంబంధించిన ఒక శాసనం తెచ్చింది. పెళ్ళైన స్త్రీకి వర్క్‌షాపు నుంచీ ఫ్యాక్టరీ నుంచీ విముక్తి కలిగిస్తామని అందులో రాశారు. ఇంట్లో కూర్చోబెట్టడానికి పెట్టుకున్న పేరు అది. ఉద్యోగం చెయ్యడానికి, బ్యాంకులో ఖాతా తెరవడానికి భర్త అనుమతి కావాలన్న చట్టం 1975 దాకా పోలేదు.

ఇంతకంటే భయపెట్టే సంగతి వెంతాస్ జైలు. రిపబ్లిక్ కాలంలో జైళ్ళ అధిపతిగా పనిచేసిన విక్తోరియా కెంత్, ఆడఖైదీలని మనుషులుగా చూడాలని మాడ్రిడ్‌లో కట్టించిన జైలు అది. కొన్ని వందలమంది కోసం కట్టారు. యుద్ధం ముగిశాక అందులో వేలమందిని కుక్కారు. 1939 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడి నుంచి పదమూడుమంది యువతులని శ్మశానం గోడ దగ్గరికి తీసుకెళ్ళి కాల్చి చంపారు. సగంమందికి పైగా ఇరవై ఒకటి కూడా నిండనివాళ్ళు. స్పెయిన్‌లో వాళ్ళని పదమూడు గులాబీలని తలుచుకుంటారు. ఆంహెలెస్ కూతురు సోఫియా వయసు అటూ ఇటూగా అంతే. యుద్ధం కోసం ఇల్లు వదిలిన సోఫియాని వెతుక్కుంటూనే లిదియా అమెరికా నుంచి తిరిగొచ్చింది. రాసినవాళ్ళకి ఈ చరిత్ర తెలియకుండా ఉండదు. తెలిసీ ఒక చిన్నపిల్లని యుద్ధంలోకి దింపారంటే నాకు గుండె దడగా ఉంది.

ఓడ దారి గురించి కూడా ఆలోచించాను. అలికాంతె రేవు నుంచి స్టాన్‌బ్రూక్ అనే బొగ్గు మోసే బ్రిటిష్ ఓడ 1939 మార్చి 28న రెండువేల ఆరువందల పైచిలుకు శరణార్థులని ఎక్కించుకుని అల్జీరియా వైపు వెళ్ళింది. దాని తర్వాత రేవులో మిగిలిపోయిన వేలమందికి ఓడలు రాలేదు, పట్టుబడ్డారు. అంతకు రెండు నెలల ముందు దాదాపు అయిదు లక్షలమంది చలిలో నడుచుకుంటూ ఫ్రాన్స్ సరిహద్దు దాటారు. కాబట్టి తప్పించుకున్నవాళ్ళు లేకపోలేదు. కథలో కొందరు బయటపడటానికి చరిత్ర ఒప్పుకుంటుంది. అందరూ కలిసి నవ్వుతూ బయటపడితే మాత్రం ఒప్పుకోదు.

సాయంత్రం లాగవుట్ అయ్యాక అత్తకి మళ్ళీ చేశాను. ఇదంతా చెప్పాను. అత్త ఓపిగ్గా విని, "మరి కథ చెప్పేది ఆ పిల్లే కదే. చచ్చిపోతే ఎవరు చెప్తున్నట్టు?" అంది.

బలమైన పాయింటు. ప్రతి భాగంలోనూ లిదియా గొంతు వినిపిస్తుంది, గడిచిపోయిన కాలాన్ని తలుచుకుంటున్నట్టు. ముసలితనంలో ఎక్కడో న్యూయార్కులో కూర్చుని మనవరాళ్ళకి చెప్తోందని అత్త ఊహ. నేను కాసేపు ఆ బొమ్మని మనసులో నిలుపుకున్నాను, హాయిగా ఉంది. కానీ ఆ గొంతు ఎప్పుడూ తన ఒక్కదాని సంగతి చెప్పదు. ఆ కాలంలో ఆడవాళ్ళకి ఏమేం లేవో, దేనికోసం కొట్లాడారో చెప్తుంది. నలుగురి తరఫునా చెప్తున్నట్టు ఉంటుంది. అలాంటి గొంతుకి ఒంట్లో ప్రాణం ఉండి తీరాలన్న నియమం లేదు. ఇది అంటే అత్తకి కోపం వచ్చింది. "నువ్వు ముందే పాడె కట్టేస్తున్నావే" అంది.

తర్వాత మాట ఎటో ఎక్స్ఛేంజ్ వైపు మళ్ళింది. మొదటి సీజన్‌లో కొత్త ఆటోమేటిక్ యంత్రం వస్తోందని, ఆపరేటర్ల ఉద్యోగాలు పోతాయని గొడవ జరుగుతుంది. నిజానికి మాడ్రిడ్‌లో ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్ 1926 చివర్లోనే మొదలైంది, సీరియల్‌వాళ్ళు తమకి కావలసినట్టు కాస్త జరుపుకున్నారు. అత్తకి ఆ భాగాలు అన్నిటికంటే దగ్గరగా తగిలాయి. ఆమె చేరినప్పుడు ఆర్డినరీ కాల్ బుక్ చేసుకున్నవాళ్ళు గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. తొందరైతే అర్జెంట్, ఇంకా తొందరైతే లైట్నింగ్, డబ్బు అన్ని రెట్లు. చావు కబురు అని గొంతులో తెలిస్తే ఆర్డినరీ కాల్‌ని కూడా ఎలాగోలా ముందుకి జరిపేవాళ్ళట, సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు ఊరుకునేదట. ఎస్టీడీ ఊరూరా వచ్చాక బోర్డులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. "మమ్మల్ని వేరే సీట్లకి మార్చారు గానీ, నైట్ డ్యూటీలో పక్కపక్కన కూర్చున్న నలుగురం మాత్రం విడిపోలేదే. ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరు చేస్తారు" అంది.

అప్పుడు నేను అడిగాను. "అయితే అత్తా, ఫ్రాన్సిస్కో సంగతి వదిలెయ్. చివరి సీన్‌లో నీకు ఎవరు కనిపించాలి?"

కొంచెం కూడా ఆలోచించలేదు. "ఆ పిల్లలందరూ బోర్డు ముందు. ఆంహెలెస్‌తో సహా."

నా మనసులో ఉన్నదీ అదే, ఇన్నాళ్ళూ ఇంత సూటిగా అనుకోలేదు. ఈ సీరియల్ గురించి ఎక్కడ చూసినా ఫ్రాన్సిస్కోనా కార్లోసా అన్న పోటీయే. నిర్మాతలు కూడా దాన్ని బాగా వాడుకున్నారు. కానీ ఏ సీజన్ తీసుకున్నా కథని ముందుకి నడిపింది ఆ అమ్మాయిలు ఒకరి కోసం ఒకరు చేసిన పనులే. ఆంహెలెస్ మొగుడు చస్తే ఆ శవాన్ని దాచింది వీళ్ళు. కార్లోస్ తల్లి దోన్యా కార్మెన్ ఎత్తుకుపోయిన పసిబిడ్డ కోసం తిరిగింది వీళ్ళు. కార్లోతా ప్రేమించిన సారా తాను మగవాణ్ణని, ఓస్కార్‌నని చెప్పినప్పుడు, దేశంలో ఆ మాటకి చోటే లేని కాలంలో, ఆ పేరుతో పిలిచింది వీళ్ళు. ప్రేమికులు వస్తూ పోతూ ఉన్నారు. లిదియా చివరికి ఎవరి చెయ్యి పట్టుకుంటుందన్నది పెద్ద ముడి అని నేను అనుకోను. ఆంహెలెస్‌కి ఇచ్చిన మాట నిలబెట్టుకుని సోఫియాని దాటించగలదా లేదా, అదే అసలు ముడి.

ఇంకొకటి. వాళ్ళు పనిచేసిన కంపెనీకి నమూనా అయిన టెలిఫోనికా భవనం మాడ్రిడ్‌లో గ్రాన్ వియా అనే వీధిలో ఇప్పటికీ ఉంది. 1929లో పూర్తైంది, 89 మీటర్ల ఎత్తు, ఆ రోజుల్లో యూరప్‌లోని మొదటి ఆకాశహర్మ్యాల్లో ఒకటి. యుద్ధంలో ఫ్రాంకో సైన్యం కాసా దె కాంపో పార్కులోని గుట్ట మీద ఫిరంగులు పెట్టి ఆ భవనాన్ని గురిచూసి కొట్టేది. అంత ఎత్తు కాబట్టి రిపబ్లిక్ సైనికులు పైనుంచి శత్రువుల కదలికలు చూసేవాళ్ళు. విదేశీ విలేకరులు తమ వార్తలని అక్కణ్ణుంచే ఫోన్ చేసి పంపేవాళ్ళు. ఎన్నో గుండ్లు తగిలాయి, భవనం కూలలేదు, లైన్లు తెగలేదు. ఈ సంగతి చెప్తే అత్త ఒక్కటే అంది: "లైన్లు తెగలేదంటే ఆపరేటర్లు సీట్లు వదలలేదన్నమాట." రేపటి భాగాల్లో ఒక్క సీన్ అయినా ఆ బోర్డు దగ్గర ఉండాలని నాకు చాలా ఆశ. ముఖ్యంగా మార్గా. పల్లెటూరి నుంచి వణుకుతూ వచ్చి, ఆ మహానగరంలో నిలబడ్డ పిల్ల. ఆమె ఒక్కసారి హెడ్‌సెట్ పెట్టుకుని ఒక ముఖ్యమైన కాల్ కలిపి వీళ్ళలో ఎవరినైనా కాపాడితే నాకు అదే చాలు.

మా అంచనాలు రాసి పెడుతున్నాను. అత్త: లిదియా, ఫ్రాన్సిస్కో బతుకుతారు, కలుస్తారు. దోన్యా కార్మెన్ లిదియా చేతుల్లోనే పోతుంది. కార్లోతా, ఓస్కార్ విడిపోరు. బెంగళూరు పిల్ల: లిదియా చివరికి కార్లోస్‌ని క్షమిస్తుంది, ఏవా తండ్రి దగ్గరికి వస్తుంది. నేను: సోఫియా, ఏవా బయటపడతారు. ఫ్రాన్సిస్కో పిల్లలతో పాటు సరిహద్దు దాటుతాడు. కార్లోస్ దాటడు. వాళ్ళు దాటేదాకా దారి కాయడానికి ఆడవాళ్ళు వెనక ఉండిపోతారు. ఎవరెవరు అన్నది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. వాళ్ళలో లిదియా ఉంటుంది, అది మాత్రం గట్టిగా అనిపిస్తోంది. నా అంచనా తప్పయి అత్తది నిజమైతే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు.

రేపు పన్నెండు నుంచి రెండు దాకా మీటింగులు పెట్టొద్దని మేనేజర్‌కి చెప్పేశాను, మిగతా పని రాత్రి చేస్తాను. పులిహోర పొద్దున్నే కలిపి పెట్టేస్తే మధ్యలో వంటింట్లోకి లేవక్కర్లేదు. అయిదో భాగం అయ్యేదాకా ఎవరూ ఎవరికీ ఫోన్ చెయ్యకూడదని అత్త షరతు పెట్టింది. నేను ఒప్పుకోలేదు. ఒక్కో భాగం అవగానే చేస్తానన్నాను.